నీళ్లు పోయడం నిర్ధారణ కాదు: డీజిల్ వాహనాల్లో అంతుచిక్కని కూలెంట్ నష్టం

ఒక వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని ఊహించుకోవచ్చు. ఆ స్థానానికి ఉన్నది ఒకే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపు. వానాకాలంలో బురద దారులున్న గ్రామాలకు శాస్త్రవేత్తలు చేరగలిగేది దానితోనే. జూన్ నెల నుంచి డ్రైవరు ప్రతి సోమవారం ఉదయం రేడియేటర్ మూత విప్పి చూస్తాడు. మట్టం తగ్గి ఉంటుంది. ఒక లీటరు బోరు నీళ్లు పోస్తాడు, బండి బయలుదేరుతుంది. ఇంజన్ కింద నేల పొడిగానే ఉంటుంది. ఇంజన్ ఆయిల్ రంగు మారదు, పొగలో తేడా కనిపించదు. సెప్టెంబరులో ఒక రోజు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతను దాటుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని వర్క్‌షాపు తేలుస్తుంది. హెడ్ విప్పి, ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తారు. పదిహేను రోజులు జీపు షెడ్డులోనే ఉంటుంది. వరిలో సుడిదోమ కోసం పొలం పొలం తిరిగి చూడవలసిన రోజులు అవే. జీపు తిరిగి వచ్చిన రెండో సోమవారం మూత విప్పితే మట్టం మళ్లీ తగ్గి ఉంటుంది.

ఈ దృశ్యం ఊహించినదే అయినా, వాహనాలతో పని ఉన్నవారికి కొత్తది కాదు. ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న కంటే ఏ పని జరగలేదన్న ప్రశ్న ముఖ్యం. మూడు నెలలు నీళ్లు పోశారు, కానీ ఎంత పోశారో, ఎన్ని కిలోమీటర్లకు పోశారో ఎవరూ రాయలేదు. మరమ్మతు జరిగింది, కానీ మరమ్మతుకు ముందు పరీక్ష జరగలేదు. ఆకు పసుపెక్కగానే యూరియా చల్లవద్దని, ముదురు ఆకు పసుపెక్కితే నత్రజని లోపమని, లేత ఆకు పసుపెక్కితే ఇనుప ధాతు లోపం కావచ్చని రైతుకు ఓపికగా వివరించే విస్తరణ వ్యవస్థ తన షెడ్డు దగ్గరకు వచ్చేసరికి ఆ పద్ధతినే పక్కన పెడుతోంది. లక్షణాన్ని కప్పిపుచ్చే పని పొలంలో తప్పయితే ఇంజన్‌లోనూ తప్పే.

ఇది జీపులకే పరిమితమైన విషయం కాదు. దమ్ము పొలాల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కూలెంట్ తగ్గడం, నీళ్లు పోయడం, చివరకు దమ్ము మధ్యలో ఇంజన్ పట్టేయడం అన్న వరుస రైతు ఇంటి ముందు కూడా జరుగుతోంది. శాస్త్రవేత్త తన జీపు విషయంలో పాటించని క్రమశిక్షణను రైతు ట్రాక్టరు విషయంలో బోధించలేడు. అందుకే కూలెంట్ నష్టాన్ని నిర్ధారించే పద్ధతిని వాహన విభాగానికి వదిలివేయకుండా విస్తరణ విద్యలో భాగంగా చూడవలసి ఉంది.

తగ్గింది మట్టమా, ద్రవమా?

మొదట తేల్చవలసింది నష్టం నిజమా కాదా అన్నది. నీటిని 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 90 డిగ్రీలకు వేడిచేస్తే దాని ఘనపరిమాణం సుమారు 3 శాతం పెరుగుతుంది. గ్లైకాల్ కలిసిన కూలెంట్ ఇంకొంచెం ఎక్కువ వ్యాకోచిస్తుంది. పది లీటర్ల కూలెంట్ పట్టే వాహనంలో ఇది 300 నుంచి 400 మిల్లీలీటర్లు. సాయంత్రం వేడి మీద డబ్బాలో చూసిన మట్టానికి, మరునాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూసిన మట్టానికి అంత తేడా సహజంగానే వస్తుంది. అలాగే కూలెంట్ మొత్తం మార్చిన తరువాత వ్యవస్థలో చిక్కుకున్న గాలి, ఇంజన్ రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారేసరికి బయటకు వస్తుంది. మట్టం అప్పుడూ కొంత దిగుతుంది. ఈ రెండూ నష్టాలు కావు.

కాబట్టి కొలత ఎప్పుడూ ఒకే పరిస్థితిలో జరగాలి. ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేల మీద, ఒకే గుర్తు వరకు, కొలజాడీతో పోయాలి. పోసిన పరిమాణం, ఆ రోజు కిలోమీటర్లు, ట్రాక్టరయితే గంటల మీటరు అంకె, ముందు రోజు చేసిన పని స్వభావం పుస్తకంలో రాయాలి. ఈ నాలుగు గడులు రెండు వారాలు నిండితే సమస్య సగం విడిపోతుంది. బండి కదలని ఆదివారం కూడా మట్టం తగ్గితే ద్రవం బయటకు కారుతున్నట్టు. ఘాట్ ఎక్కిన రోజుల్లో, బరువు లాగిన రోజుల్లో మాత్రమే తగ్గితే వేడి, ఒత్తిడి, గ్యాస్కెట్ వైపు చూడాలి. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తగ్గడం, వంద కిలోమీటర్లకు లీటరు తగ్గడం ఒకే జబ్బు కాదు. ఎప్పుడూ ‘కొంచెం’ తగ్గుతోందని చెప్పే నోటిమాట ఈ తేడాను చూపలేదు.

పుస్తకం చెప్పగలిగే మరో ముఖ్యమైన సంగతి ఏది ముందు, ఏది వెనుక అన్నది. కూలెంట్ తగ్గడం వల్ల ఇంజన్ వేడెక్కవచ్చు. ఇంజన్ వేడెక్కడం వల్ల కూలెంట్ పొంగి పోయి తగ్గవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం లో రేంజిలో బురదలో పాకుతున్నప్పుడు ఇంజన్ మీద భారం ఎక్కువ, ముందుకు పోయే వేగం తక్కువ. ఎదురుగాలి అందదు. చల్లదనమంతా ఫ్యాను మీదే ఆధారపడుతుంది. అటువంటి వేళ రేడియేటర్ ముందు గడ్డి గింజలు, ఎండిన బురద, పురుగులు పేరుకుని ఉంటే ఇంజన్ వేడెక్కుతుంది. ఏసీ కండెన్సర్ ఉన్న బండ్లలో ఈ చెత్త దానికీ రేడియేటర్‌కూ నడుమ చేరుతుంది, ముందు నుంచి చూస్తే కనిపించదు. వేడి ముందు వచ్చి నష్టం వెనుక వచ్చినట్టు తేలితే వెతకవలసింది కారే చోటు కాదు, గాలి ఆగిన చోటు.

పోగల దారులు మూడే

శీతలీకరణ వ్యవస్థ మూసి ఉన్న వలయం. అందులోని ద్రవం మాయం కాదు. అది పోవడానికి మూడే దారులు ఉన్నాయి. ఒకటి ఇంజన్ బయటకు. రెండు, దహన వాయువుల మార్గంలోకి, అంటే సిలిండరు లేదా ఇన్‌టేక్, ఎగ్జాస్టు భాగాల్లోకి. మూడు, ఇంజన్ ఆయిల్‌లోకి. పరీక్షలన్నీ ఈ మూడు దారుల్లో ఏది తెరుచుకుందో తేల్చడానికే. ఖర్చు తక్కువైన పరీక్ష ముందు, విప్పి చూడవలసిన పరీక్ష చివర అన్న వరుస తప్పకూడదు.

మొదటి దారిలో పోయే ద్రవం నేల మీద కనిపించాలి కదా అన్న సందేహం సహజం. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో కనిపించకపోవడానికి కారణాలున్నాయి. రాళ్ల దెబ్బల నుంచి ఇంజన్‌ను కాపాడే ఇనుప రేకు కింద బిగించి ఉంటుంది. కారిన చుక్కలు ఆ రేకు మీదే పడి ఇంజన్ వేడికి ఆరిపోతాయి. ఎగ్జాస్టు మానిఫోల్డు మీద, టర్బో మీద పడిన చుక్క నేలను చేరకముందే ఆవిరవుతుంది. బండి నడుస్తున్నప్పుడు వాటర్ పంపు దగ్గర చిమ్మిన తుంపరను ఫ్యాను చెదరగొడుతుంది. ఇంజన్ వెనుక క్యాబిన్ గోడ దగ్గర, చేయి పట్టని చోట, హీటర్ గొట్టాల క్లిప్పులు ఉంటాయి. వెనుక సీట్లకు కూడా హీటర్ ఉన్న బండ్లలో ఆ గొట్టాలు బండి అడుగు పొడవునా సాగుతాయి. తెలుగు ప్రాంతంలో హీటర్ వాడేవారు అరుదు. వాడకపోయినా దాని గొట్టాలు, లోపలి చిన్న రేడియేటర్ మాత్రం ఉండనే ఉంటాయి. ముందు సీటు కింద పరచిన తివాచీ తడిగా ఉండటం, అద్దం లోపలి వైపు జిడ్డు ఆవిరి పట్టడం, క్యాబిన్‌లో తియ్యని వాసన రావడం ఆ లోపలి రేడియేటర్ కారుతున్నదని చెప్పే గుర్తులు.

గతుకుల దారుల్లో ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, రేడియేటర్ చాసిస్‌తో కదులుతుంది. ఈ రెండు కదలికల మధ్య నలిగేవి రబ్బరు గొట్టాలు. కొన్ని గొట్టాల అతుకులు వేడి మీద బిగిసి, రాత్రి చల్లారి ముడుచుకున్నప్పుడు మాత్రమే కారుతాయి. మధ్యాహ్నం వర్క్‌షాపులో వేడి ఇంజన్‌ను ఎంత వెతికినా అవి దొరకవు. అందుకని తడి కోసం కాక మరక కోసం వెతకడం మేలు. ద్రవం ఆరినా దానిలోని లవణాలు, రంగు ఆరిన చోట తెల్లని లేదా రంగు పొరగా మిగులుతాయి. వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం చుట్టూ, ఇంజన్ బ్లాకు పక్కన బిగించిన లోహపు మూతల అంచుల వెంట, రేడియేటర్‌లో ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియం భాగాన్ని కలిసే అంచు దగ్గర, అడుగు రేకు పై ముఖం మీద ఈ మరకలను టార్చిలైటుతో చూడాలి. అడుగు రేకు విప్పకుండా ‘కారడం లేదు’ అని రాసే హక్కు ఎవరికీ లేదు.

మూత నుంచి మొదలు

అన్నిటికంటే చవకైన భాగం రేడియేటర్ మూత. అందరూ చివర చూసేది కూడా అదే. చాలా వాహనాల్లో మూత సుమారు 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని నిలపాలి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనంలో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, ఆపై ఒక బార్ ఒత్తిడి తోడైతే సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ అదే ఒత్తిడిలో దాదాపు 130 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. మూతలోని స్ప్రింగు బలహీనపడితే ఈ రక్షణ పోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ పరిస్థితి మరింత దిగజారుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తున నీరు సుమారు 3 డిగ్రీలు ముందుగానే మరుగుతుంది. ఏజెన్సీ ఘాట్లలో మాత్రమే కూలెంట్ పొంగే బండికి ముందు మూతను అనుమానించాలి.

మూతలో మరో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ చల్లారినప్పుడు డబ్బాలోకి వెళ్లిన ద్రవాన్ని అది తిరిగి రేడియేటర్‌లోకి రానిస్తుంది. అది మూసుకుపోతే డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటాయి. ఉదయం చూస్తే పై గొట్టం లోపలికి అణగి ఉంటుంది. డబ్బాను మాత్రమే చూసే అలవాటున్నవారు ఈ లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేరు. అయితే మూతను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. వేడి మీద విప్పితే ఒత్తిడి పోయిన మరుక్షణం ద్రవం మరిగి పైకి చిమ్ముతుంది, ముఖం, చేతులు కాలిపోతాయి.

తరువాతది ఒత్తిడి పరీక్ష. మీటరు బిగించిన చేతి పంపును రేడియేటర్ మూతి మీద కూర్చి, చల్లని ఇంజన్‌లో మూత మీద ముద్రించిన అంకె వరకే గాలి నింపాలి, దాటకూడదు. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ముల్లును గమనించాలి. నష్టం చాలా నెమ్మదిగా ఉంటే రాత్రంతా అలాగే ఉంచాలి. ముల్లు దిగి ఎక్కడో చుక్క కనిపిస్తే పని ముగిసినట్టే. ముల్లు దిగినా ఎక్కడా తడి లేకపోతే రెండో, మూడో దారిని పరిశీలించాలి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు నిలిస్తే, ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు కూడా చూడాలి. అప్పుడు మాత్రం ముందు ఇంజన్‌ను చల్లార్చి, పరికరం బిగించి, ఆ తరువాతే నడిపి వేడెక్కించాలి. వేడికి మాత్రమే విచ్చుకునే పగుళ్లు ఉంటాయి.

లోపలి దారులు

సిలిండరులోని దహన వాయువు కూలెంట్‌లోకి చొరబడుతున్నదా అన్నది తెలుసుకోవడానికి వాడే ద్రవం వ్యవసాయ విద్యార్థులకు పరిచయమైనదే. అది బ్రోమోథైమాల్ బ్లూ. ఉదజని సూచిక 7.6 దాటితే నీలంగా, 6.0 కంటే తగ్గితే పసుపుపచ్చగా ఉండే సూచకం. రేడియేటర్‌లో ద్రవం పైనున్న గాలిని ఈ ద్రావణం గుండా పీలుస్తారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటే అది కరిగి ఆమ్లమై నీలం రంగును పసుపు వైపు మార్చుతుంది. రేడియేటర్‌లోని కూలెంటే పరికరంలోకి వస్తే ఫలితం చెడుతుంది కనుక మట్టాన్ని ముందు కొంచెం దించుకోవాలి.

ఇక్కడ డీజిల్ ఇంజన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అది ఐడిలింగ్‌లో చాలా ఎక్కువ గాలితో, చాలా తక్కువ ఇంధనంతో నడుస్తుంది. దహన వాయువులో బొగ్గుపులుసు వాయువు శాతం అప్పుడు తక్కువ. నిలబెట్టి నడిపిన ఇంజన్ మీద పరీక్ష చేసి రంగు మారలేదని గ్యాస్కెట్ బాగుందని తేల్చడం తొందరపాటు. బండిని భారం మీద నడిపి తెచ్చిన తరువాత ఈ పరీక్ష చేయాలి. తోడుగా మరో రెండు గుర్తులు చూడాలి. చల్లని ఇంజన్ ప్రారంభించిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ద్రవం వేడెక్కకముందే, పై గొట్టం గట్టిపడటం ఒకటి. రాత్రంతా చల్లారిన తరువాత కూడా వ్యవస్థలో ఒత్తిడి మిగిలి ఉండటం రెండోది.

దహన వాయువు జాడ లేకున్నా కూలెంట్ ఎగ్జాస్టులోకి పోయే మార్గం ఒకటుంది. అది ఈజీఆర్ కూలర్. 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చిన తరువాత డీజిల్ వాహనాల్లో ఈ భాగం సాధారణమైంది. ఎగ్జాస్టు నుంచి తిరిగి సిలిండరుకు పంపే వాయువును ఇది కూలెంట్‌తో చల్లబరుస్తుంది. దీని లోపలి గొట్టం పగిలితే కూలెంట్ ఆవిరై పొగతో వెళ్లిపోతుంది. నేల తడవదు, ఆయిల్ చెడదు, రంగు పరీక్ష తరచు నెగటివుగానే రావచ్చు. ప్రారంభంలో కొంచెం తెల్లని పొగ, తియ్యని వాసన తప్ప మరో గుర్తు ఉండకపోవచ్చు. అందువల్ల నింద హెడ్ గ్యాస్కెట్ మీద పడుతుంది. ఈజీఆర్ కూలర్ ఉన్న ఇంజన్‌లో దానిని వేరుచేసి ఒత్తిడి పెట్టి చూడకుండా హెడ్ విప్పడం సమర్థనీయం కాదు.

మూడో దారి ఆయిల్‌లోకి. ఆయిల్ పాలరంగుకు తిరిగితే అందరికీ తెలుస్తుంది, కానీ కొద్దిపాటి నీరు నడిచే ఇంజన్ వేడికి ఆవిరై కనిపించకుండా పోగలదు. రాత్రంతా బండిని నిలిపి, ఉదయం సంపు బోల్టును నెమ్మదిగా వదులు చేస్తే, నీరు ఆయిల్ కంటే బరువైనది కనుక ముందుగా బయటపడుతుంది. వేడి పెనం మీద వేసిన ఆయిల్ చుక్క చిటపటలాడితే నీరున్నట్టు. ప్రయోగశాలకు పంపితే ఆయిల్‌లో సోడియం, పొటాషియం పెరుగుదల కూలెంట్ చేరికను సూచిస్తుంది, ఎందుకంటే కూలెంట్‌లోని రక్షక రసాయనాలు తరచు ఆ ధాతువుల లవణాలే.

తడి లైనర్లున్న పెద్ద డీజిల్ ఇంజన్లలో, చాలా ట్రాక్టర్లలో, మరో జబ్బు ఉంది. ఇంధనం మండిన ప్రతిసారీ లైనర్ గోడ కంపిస్తుంది. దాని వెలుపల తాకి ఉన్న కూలెంట్‌లో సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి, అంతలోనే లోహం మీద పగులుతాయి. లక్షల సార్లు జరిగిన ఈ దెబ్బలకు లోహం గుంటలు పడి, చివరకు సూదిమొనంత రంధ్రం ఏర్పడుతుంది. నైట్రైట్, మాలిబ్డేట్ వంటి రసాయనాలు లైనర్ మీద రక్షణ పొరను నిలుపుతాయి. ఉత్త నీళ్లతో నడిచే ట్రాక్టరుకు ఆ పొర ఉండదు. ఈ రంధ్రం గుండా రాత్రిపూట సిలిండరులో ద్రవం చేరితే ఉదయం సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ద్రవాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అటువంటి అనుమానం ఉన్నప్పుడు గ్లో ప్లగ్గులు గానీ, అవి లేని ఇంజన్లలో ఇంజెక్టర్లు గానీ తీసిన తరువాతే ఇంజన్ తిప్పి చూడాలి.

పోసిన నీళ్ల లెక్క

నీళ్లు పోయడం కారణాన్ని దాచడంతో ఆగదు, కొత్త జబ్బును తెస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. క్లోరైడ్లకు ఆ పరిమితులు 250, 1000. భారీ డీజిల్ ఇంజన్ల కూలెంట్‌లో కలిపే నీటికి తయారీ రంగంలో వాడుకలో ఉన్న పరిమితులు ఇంకా కఠినమైనవి: కాఠిన్యం 170, క్లోరైడ్లు 40, సల్ఫేట్లు 100 మిల్లీగ్రాములు. అంటే మనిషి తాగడానికి పనికొచ్చే నీరు ఇంజన్‌కు పనికిరాకపోవచ్చు. మెట్ట మండలాల్లో చాలా బోర్ల నీరు ఈ హద్దులు దాటే ఉంటుంది.

ఊహించిన జీపు లెక్కనే చూడవచ్చు. పది లీటర్ల వ్యవస్థ, వారానికి లీటరు చొప్పున పన్నెండు వారాలు. పోయినది ద్రవ రూపంలో కారిపోయి ఉంటే, ప్రతి వారం పదో వంతు కూలెంట్ పోయి దాని చోట నీరు చేరినట్టు. 50 శాతంతో మొదలైన గ్లైకాల్ పన్నెండు వారాలకు 14 శాతానికి పడిపోతుంది. దానితోపాటే తుప్పును ఆపే రసాయనాలూ మూడో వంతు కంటే తక్కువ మిగులుతాయి. పోయినది ఆవిరి రూపంలో అయితే గ్లైకాల్ దాదాపు అలాగే ఉంటుంది, నీళ్లతో వచ్చిన లవణాలన్నీ లోపలే మిగులుతాయి. 600 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లు పన్నెండు లీటర్లు పోస్తే ఏడు గ్రాములకు పైగా సున్నపు లవణాలు లోపల చేరతాయి. మురుగు పోయే దారి లేని పొలానికి ఉప్పునీరు పెట్టడం ఎంత ప్రమాదమో సేద్య విభాగం విద్యార్థికి చెప్పనక్కరలేదు. ఇదీ అదే. వేడి ఎక్కువగా ఉన్న హెడ్ భాగంలో ఆ లవణాలు పొరగా కట్టి వేడిని బయటకు రానివ్వవు.

ఈ లెక్కలోనే ఒక నిర్ధారణ పరీక్ష దాగి ఉంది. కూలెంట్ గాఢతను రిఫ్రాక్టోమీటర్‌తో కొలవవచ్చు. చెరకు రసంలో బ్రిక్స్ చూసే పరికరం పనిచేసే సూత్రమే దీనిది. నీళ్లు పోసి, బండిని తిప్పి బాగా కలిసిన తరువాత వారం వారం గాఢత చూడాలి. పోసిన నీటికి తగినట్టు గాఢత తగ్గుతుంటే ద్రవమే పోతున్నట్టు. గాఢత నిలకడగా ఉంటే ఆవిరి పోతున్నట్టు, మూత వైపు, వేడి వైపు చూడాలి. ఒక్క చుక్కతో, ఒక్క నిమిషంలో, ఏ భాగమూ విప్పకుండా దొరికే సమాచారం ఇది.

దారిలో బండి ఆగినప్పుడు రేడియేటర్‌లో పసుపు పొడి పోసి ఇల్లు చేరుకున్నవారున్నారు. కష్టకాలంలో అది తప్పు కాదు. ఆ పసుపునే, లేదా అంగడిలో అమ్మే కారుడు నివారణ మందునే, చికిత్సగా నమ్మి కొనసాగడం తప్పు. కారే రంధ్రాన్ని మూసే పదార్థం రేడియేటర్‌లోని సన్నని గొట్టాలనూ మూయగలదు. పైగా పరీక్షలో దొరకవలసిన జాడను చెరిపివేస్తుంది.

రాగల అభ్యంతరం

ఇంత లెక్క డ్రైవరు ఎప్పుడు రాయాలి, అనుభవం ఉన్న మెకానిక్కు చెవితో వింటేనే తెలియదా అన్న అభ్యంతరం రావచ్చు. అందులో కొంత న్యాయం ఉంది. ఇరవై ఏళ్లు ఇంజన్ల మధ్య గడిపిన మనిషి అనుభవానికి విలువ కట్టలేం. కానీ ఆ అనుభవానికి అందుతున్న సమాచారం ఎంత? ఎండిన ఒక్క ఆకు తెచ్చి మందు చెప్పమన్న రైతును శాస్త్రవేత్త ఏమడుగుతాడు? నేల ఏది, విత్తి ఎన్నాళ్లయింది, ఎరువు ఎంత వేశారు, పొలమంతా ఉందా, మూలనే ఉందా అని అడుగుతాడు. ‘నీళ్లు తగ్గుతున్నాయి’ అన్న రెండు మాటలతో బండిని అప్పగిస్తే మెకానిక్కు కూడా ఎక్కువగా కనిపించే జబ్బునే ఊహిస్తాడు. తప్పు అతని విద్యలో లేదు, అతనికి అందని పుస్తకంలో ఉంది. రాయడానికి పట్టేది రోజుకు రెండు నిమిషాలు.

చేయవలసినవి

పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల వాహన లాగ్‌బుక్‌లో డీజిల్ గడి పక్కన కూలెంట్ గడి చేర్చాలి. దానికి ఉత్తర్వు ఒక్కటి చాలు. జిల్లాకు ఒకటిగానైనా ఒత్తిడి పరీక్ష పంపు, రంగు పరీక్ష పరికరం, రిఫ్రాక్టోమీటర్, కొలజాడీ, కొత్త మూత ఉన్న పెట్టె ఉంచాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరీక్షల ఫలితం కాగితం మీద లేకుండా హెడ్ విప్పడానికి బిల్లు మంజూరు చేయకూడదు. కూలెంట్‌లో కలిపే నీరు డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీరై ఉండాలి. అది దొరకని చోట ఆర్వో నీరు బోరు నీటి కంటే ఎంతో నయం.

వ్యవసాయ డిగ్రీలో యంత్రశక్తి పాఠం ఉంది. శీతలీకరణ వ్యవస్థ బొమ్మ గీయించడంతో ప్రాక్టికల్ ముగియకూడదు. లోపం ఉన్న ఇంజన్‌ను ముందుంచి, విప్పకుండా కారణం చెప్పించాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కోసం పల్లెల్లో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు పది ట్రాక్టర్ల రేడియేటర్ నీటిని, ఆ ఊరి బోరు నీటిని పరీక్షించి రైతులకు ఫలితం చెప్పగలరు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అటువంటి చోట డ్రైవర్లకు, విస్తరణ అధికారులకు కలిపి నిర్ధారణ మీదనే శిక్షణ ఇప్పించడం కష్టమైన పని కాదు. ఒక హెచ్చరిక కూడా రైతుకు చేరాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పాత కూలెంట్‌ను పెరట్లో, కాలువలో పారబోస్తే కుక్కలు, పశువులు నాకి చనిపోగలవు.

ఊహించిన జీపు దగ్గరకే తిరిగి వస్తే, రెండు వారాల పుస్తకం, రిఫ్రాక్టోమీటర్, ఒక రాత్రి ఒత్తిడి పరీక్ష దాని సంగతి ఇలా చెప్పి ఉండేవి. ఆదివారాల్లోనూ మట్టం తగ్గుతోంది, గాఢత వారం వారం పడిపోతోంది, కాబట్టి పోతున్నది ద్రవం, పోతున్నది బయటకు. తెల్లవారి అడుగు రేకు విప్పితే దాని మీద తెల్లని పొర, పైన హీటర్ గొట్టం చివర వదులైన క్లిప్పు, దాని నుంచి వేలాడుతున్న చుక్క. మరమ్మతు ఒక క్లిప్పు, మూరెడు గొట్టం, కొత్త కూలెంట్. జూన్ మూడో వారానికల్లా పని ముగిసేది. సెప్టెంబరులో శాస్త్రవేత్తలు వరి మడిలో దుబ్బులు తట్టి సుడిదోమను లెక్కపెడుతూ ఉండేవారు.